రెండు మంచాల మధ్య పడుకున్నావిడ

చిన్నదీ, పెద్దోడా,

నిన్న వీడియోలో మాట్లాడుతుండగా పెద్దోడు హాల్లో నేల మీద బోర్లా పడుకుని ఏదో ఆడుకుంటున్నాడు. చిన్నది నీళ్ల సీసా కోసం వాడి మీంచి గెంతి అటు వెళ్లింది. ఇక్కడ విజయనగరంలో నేను కుర్చీలోంచి లేచి "వెనక్కి దాటవే, వెనక్కి దాటు!" అని అరిచాను. అమ్మమ్మ అరవడం మీరెప్పుడూ వినలేదేమో, ఇద్దరూ బిక్కచచ్చిపోయారు. తర్వాత మీ అమ్మ నవ్వుతూ చెప్పింది కదా, పడుకున్న మనిషిని దాటితే ఆ మనిషి ఎదగడనీ, దాటినవాళ్లే మళ్లీ వెనక్కి దాటితే దోషం పోతుందనీ. "ఇదెక్కడి రూలు అమ్మమ్మా?" అన్నాడు పెద్దోడు.

రూలు పాతదే. కానీ నేనంత గట్టిగా అరిచింది రూలు కోసం కాదు. ఒకావిడ గుర్తొచ్చింది. ఆవిడ గొంతే నా నోట్లోంచి వచ్చింది. ఆవిడ గురించి ఫోన్లో చెబుదామంటే సగంలో సిగ్నల్ పోతుంది, లేకపోతే మీకు ట్యూషన్ టైమవుతుంది. అందుకని రాస్తున్నాను. అమ్మ చదివి వినిపిస్తుంది.

మీ అమ్మ నన్ను ఓడెక్కించిన సంగతి మీకు తెలుసు. విశాఖపట్నంలో ఎక్కితే మూడు రాత్రులు సముద్రం మీద ఉంచి, పుదుచ్చేరి చూపించి, చెన్నైలో దింపుతారు. అక్కణ్ణించి రైల్లో ఇంటికి. మా ఊళ్లో ఒకాయన మనుషుల్ని పోగుచేసి ఇలాంటి యాత్రలు నడుపుతాడు. తాతయ్య రానన్నారు. నేల మీద నిలబడ్డానికే మోకాళ్లు ఒప్పుకోవడం లేదు, నీళ్ల మీద ఏం నిలబడతానన్నారు. ఒంటరిగా వచ్చే ఆడవాళ్లని ముగ్గురేసి ఒక గదిలో వేస్తామన్నాడు యాత్ర ఆయన. సరేనన్నాను.

బస్సెక్కి చూస్తే ముందు సీట్లో మా అప్ప కూర్చుని ఉంది.

మేం అక్కను అప్ప అంటాం. మీకు గజపతినగరం పెద్దమ్మమ్మ. ఆవిణ్ణి మీరు పాత ఫొటోల్లో తప్ప చూడలేదు, ఎందుకంటే ఆరేళ్లుగా మా ఇద్దరికీ మాటల్లేవు. చిన్నదీ, తప్పు నీది కాదుగాని, గొడవ నీ బారసాల దగ్గరే మొదలైంది. మీ అమ్మ కార్డు అందరికీ వాట్సాప్‌లో పంపింది. సొంత అక్క కదా, నేను వెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. వెళ్లలేదు. అప్ప రాలేదు. తర్వాత ఎవరితోనో అందట, "వాట్సాపులో పిలిసినారు, వాట్సాపులోనే అచ్చింతలు ఏసీసినాను" అని. ఆ మాట నా చెవిన పడింది. అంతే. ఇలాగే ఇంకో ఆరేళ్లు గడిస్తే ఇద్దరిలో ఒకళ్లం మాట్లాడకుండానే వెళ్లిపోతామని నాకు లోపల భయంగానే ఉండేది. కానీ ముందు నోరు తెరిచేదెవరు?

బస్సులో ఒకరినొకరు చూడనట్టే కూర్చున్నాం. హార్బరులో తాళం కార్డులు పంచుతూ యాత్ర ఆయన మొహం నిండా నవ్వుతో, "అక్కసెల్లెళ్లు కదమ్మా! ఎవులూ అడగకండానే ఒకే గదిలో ఏసీసినాను" అన్నాడు. మేలు చేశాననుకున్నాడు పాపం.

గదిలోకి మాకంటే ముందే ఒకావిడ వచ్చి ఉంది. చీపురుపల్లి పక్కనే ఏదో పల్లె, వ్యవసాయం. పొట్టిగా, గట్టిగా, నీరుకావి రంగు చీరలో. ఏ పని మొదలుపెట్టినా ముందు కొంగు నడుం చుట్టూ బిగించి దోపేది. లిఫ్ట్ ఎక్కాలన్నా దోపేది. ఆవిడ గుమ్మంలో నిలబడి లోపలికి చూసి మమ్మల్ని అడిగిన మొదటి మాట ఇది:

"ఇదేటండీ, ఇది గదా, బీరువానా? తలుపు తీసినాను, ఎదర గోడొచ్చీసినాది."

నిజమే. కిటికీ లేదు. అటో మంచం, ఇటో మంచం, మధ్యలో ఒక మనిషి పట్టేంత సందు. ఆ సందు చివర బాత్రూం. మూడో మంచం పైన గోడకి మడతపెట్టి ఉంది, దానికి నిచ్చెన. ఆవిడ వేలు మడిచి గోడ మీద నాలుగు చోట్ల టకటకా కొట్టి, చెవి ఆనించి వింది. సంతలో కుండ కొనేటప్పుడు చూస్తారే, అలాగ. "మోగతన్నాది. పగల్లేదు. పర్లేదు, పడుకోవచ్చు" అని మాకు ధైర్యం చెప్పింది.

పై మంచం ఎవరెక్కాలి అన్న ప్రశ్న వచ్చింది. ముగ్గురివీ మోకాళ్లే. గది శుభ్రం చేసే ఆయన వచ్చి నిచ్చెన దింపి ఆవిడ వైపు చూశాడు.

"నానేటి, అటక మీద బెల్లం కుండనా? పైనెట్టీసి ఎల్లిపోతే రేపు దించీదెవులు?" అని, తన దుప్పటి తీసి రెండు మంచాల మధ్య సందులో పరిచి పడుకుంది. ఆయన వద్దు వద్దని చేతులూపాడు. ఆవిడా చేతులూపింది. ఆయనకి తెలుగు రాదు, ఆవిడకి తెలుగు తప్ప రాదు. ఆవిడే గెలిచింది.

అలా మా అప్పకీ నాకూ మధ్య ఆవిడ పడుకుంది.

కాసేపటికి అప్ప బాత్రూంకి వెళ్లాలని లేచి, ఆవిడ కాళ్ల మీంచి అటు దాటింది. వెంటనే కింద నుంచి కేక. "దాటినావు! ఎనక్కి దాటు!"

అప్ప అదిరిపడి వెనక్కి దాటింది. దోషం పోయింది. కానీ అప్ప మళ్లీ మంచం దగ్గరే ఉంది, బాత్రూం అక్కడే ఉంది.

"ఇప్పుడు ఎల్లడం ఎలాగండీ?" అంది అప్ప.

"అదీ నిజమే" అని ఆవిడ ఆలోచనలో పడింది.

నాకు నవ్వాగలేదు. "ఈ వయసులో మీరింకా ఏటి ఎదుగుతారండి?" అన్నాను.

"నిరుడు మా మనవరాలు గోడకి నిలబెట్టి కొలిసినాది సెల్లీ. అరంగుళం తగ్గినానంట. ఉన్నదానికే మోసమొస్తన్నాది, ఇంకా మీరు దాటీసి సంపీకండి."

అప్పటికప్పుడు ఒప్పందం కుదిరింది. ఎవరు వెళ్లాలన్నా "లెగండి" అనాలి. ఆవిడ లేచి మోకాళ్లు కావలించుకుని కూర్చుంటుంది. పక్కనుంచి వెళ్లాలి. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ "లెగండి". ఆ మూడు రోజుల్లో ఎన్నిసార్లు లేపామో, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. దీపం ఆర్పే ముందు మాత్రం పదిమంది పిల్లలున్న తల్లిలాగ "అందరం ఉన్నామేటి?" అని అడిగేది. "ఉన్నాం" అనేవాళ్లం. ఆరేళ్లలో అప్పా నేనూ కలిసి పలికిన మొదటి మాట అదే.

తువ్వాళ్ల సంగతి చెప్పకపోతే మీరు నన్ను క్షమించరు. మొదటి సాయంత్రం భోజనం చేసి వచ్చేసరికి ఆ గది ఆయన అప్ప మంచం మీద తెల్లటి తువ్వాళ్లు మడిచి ఏనుగుని చేసి పెట్టాడు. తొండం, చెవులు, అన్నీ. ఓడల్లో అదొక ముచ్చట.

"ఓలమ్మ! ఇనాయకుడు!" అని ఆవిడ చెప్పులు బయట విడిచి వచ్చి, సంచిలోంచి కుంకుమ తీసి బొట్టు పెట్టేసింది.

"అవి తువ్వాళ్లండీ, ఒళ్లు తుడుసుకోడానికి" అన్నాను.

"రాయి మీద రూపం సెక్కితే దేవుడయినాడు. తువ్వాలు మీద అవ్వడేటి? ఏనుగు మొకం ఎట్టీసి, దాంతోటి ఒళ్లు తుడుసుకోమంటే తుడిసీసుకుంటామేటి?"

వినాయకుడికి రెండు తువ్వాళ్లు పోయాయి. మిగిలింది ఒకటి. ఆవిడ తన పాత చీర వాడుకుంది. మాటల్లేని అక్కచెల్లెళ్లం మాత్రం పొద్దున్నే ఒకే తువ్వాలు ఇటు కొసా అటు కొసా వాడుకున్నాం. మర్నాడు ఆయన ముచ్చటపడి కోతిని చేసి హ్యాంగరుకి వేలాడదీశాడు. ఆవిడ చేతులెత్తి దండం పెట్టి, "ఆంజనేయస్వామీ!" అని, గది ఆయన వైపు తిరిగి బతిమాలింది. "నాయినా, రేపు మాత్రం దేవుడిగా సెయ్యకు. తడిసిపోయి తిరుగుతన్నాం." ఆయనకి మెప్పులాగ వినిపించినట్టుంది, గుండె మీద చెయ్యేసుకుని వంగాడు.

ఇంతకీ అసలు సంగతి ఇది కాదు.

మాటలు లేనివాళ్లు ఒకే గదిలో ఉంటే ఏం చేస్తారు? మూడో మనిషితో చెబుతారు. మొదటి రోజే అప్ప గోడ వైపు తిరిగి, "ఆవిడికి సెప్పండి, ఆ సంచి నా మంచం మీంచి తియ్యమని" అంది.

గది ఎంతో చెప్పాను కదా. అప్ప అన్నది నాకు స్పష్టంగా వినబడింది. అయినా ఆవిడ నా వైపు తిరిగి తీరిగ్గా చెప్పింది. "సెల్లీ, మీ అప్ప అంటన్నాది, ఆ సంచి బరువుగున్నాది, ఒక్కర్తివీ ఎత్తకు, తనొక సెయ్యేస్తానంటన్నాది."

నేను తెల్లబోయాను. అప్ప వీపు బిగుసుకుంది. కానీ కాదనలేదు.

"అక్కర్లేదని సెప్పండి. నేను తీసుకోగలను" అన్నాను ముక్తసరిగా.

"అప్పా, మీ సెల్లి అంటన్నాది, నీకసలే నడుం నెప్పి, నువ్వు లెగకు, తనే తీసుకుంటానంటన్నాది."

అప్పకి నడుం నొప్పి ఉన్న మాట నిజమే. మంచం మీద కూర్చునేటప్పుడు ఆవిడ చూసి ఉంటుంది. తర్వాత గోడ వైపు నుంచే అప్ప గొంతు వచ్చింది. "ఇప్పుడు కొంచెం నయమని సెప్పండి."

చూశారా? నేను అడగని ప్రశ్నకి అప్ప జవాబు చెప్పింది. ఇద్దరం విన్నాం, ముగ్గురికీ తెలుసు. అయినా అక్కణ్ణించి మేం ఒకరన్నదానికి ఒకరం జవాబు చెప్పడం మానేసి, ఆవిడ చెప్పినదానికి చెప్పడం మొదలుపెట్టాం. అప్ప "ఆ పచ్చడి సీసా మూతెట్టమనండి, వాసన" అంటే, "మీ అప్పకి నోరూరతన్నాదంట, కూసింత ఎయ్యమంటన్నాది" అనేది. నేను వేసేదాన్ని. అప్ప తినేది. చింతకాయ పచ్చడి మా అమ్మ చేసే పద్ధతిలోనే చేశాను. అప్ప వేళ్లు నాకింది గానీ బాగుందని మాత్రం అనలేదు. ఆ మాట ఆవిడే అనేసింది.

రెండో రోజు పొద్దున్న ఓడ పైకి వెళ్లాం, ఆవిడా నేనూ. చుట్టూ ఎటు చూసినా నీళ్లే, గాలికి చీరలు నిలవడం లేదు. ఆవిడ ఇంటి నుంచి సీసాలో సోడి పిండి తెచ్చుకుంది, అదే మీరు రాగి అంటారే. ఓడలోని హోటల్లోంచి వేణ్నీళ్లు తెచ్చి స్టీలు గ్లాసులో అంబలి కలుపుకుంది. నేను అడిగేశాను.

"నేనన్నది ఒకటీ, మీరు మా అప్పకి సెప్పేది ఒకటీ. ఎందుకండీ ఇలాగ?"

ఆవిడ అంబలి ఊదుకుంటూ చెప్పింది. "మా అత్తకీ మావకీ మాటల్లేవు సెల్లీ. ఎందుకో ఊల్లో ఎవులికీ గురుతు కూడా లేదు. నాను కాపరానికొచ్చిన కాణ్ణించీ నానే మోసీదాన్ని. 'మీ మావని తినమను.' 'మీ అత్తని ఒడ్డించమను.' అత్తేటంటే అదే సెప్పీదాన్ని, మావేటంటే అదే. ఒక్కచ్చరం మార్చలేదు. కోడలంటే ఇలాగుండాలని ఊరంతా పొగిడీవోరు."

"మరి?"

"మావ పోయినాక అత్త నన్ను తన కాడకి పిలిసి అడిగినాది. 'ఇన్నాళ్లూ మోసినావు కదే, ఆయన నా గురించి ఒక్క మంచి మాటైనా అన్నాడేటే?' అని." ఆవిడ గ్లాసు దించింది. "లేదనీసినాను. నిజమే కదా, అన్లేదు. అప్పుడు ముసిల్దాని మొకం సూసినాను. ఇంకెప్పుడూ ఉన్నది ఉన్నట్టు మొయ్యకూడదని ఆ పూటే అనుకున్నాను."

తర్వాత నన్ను మోచేత్తో పొడిచి, "నిన్న నువ్వు నిద్దరోతుంటే సలిగాలని దుప్పటి కప్పమన్నాది మీ అప్ప" అంది.

"నిజంగా అందా, మీరే కల్పించారా?"

అంబలి ఆఖరి గుక్క తాగి, గ్లాసు అడుగున మిగిలింది వేలితో తీసి నాకి, నవ్వింది. "ఏటో సెల్లీ. ఏది ఎవులన్నారో నాకే కలిసిపోతన్నాది."

మూడో రోజు సాయంత్రం భోజనాల దగ్గర ఆవిడ ఒక ప్రకటన చేసింది. "రేపు నాకు మౌనం. సూరీడు నడినెత్తికొచ్చీదాకా నోరిప్పను. ఎవులికేటి సెప్పుకోవాలో ఇప్పుడే సెప్పీసుకోండి."

నిమిషం ఊరుకోలేని మనిషికి మౌనమా అనుకున్నాను. పొద్దున్న లేచేసరికి నిజంగానే పెదాల మీద వేలు పెట్టుకుని కూర్చుంది. ఆ పూటే చెన్నైలో దిగాలి. ఆవిడ తన దుప్పటి మడిచి, సంచి కట్టి, కొంగు దోపి, సముద్రాన్ని ఆఖరిసారి చూస్తానన్నట్టు సైగ చేసి వెళ్లిపోయింది. మా మధ్య సందు ఖాళీ అయ్యింది.

అప్ప మంచం మీద పడుకుని ఉంది. చేతిలో కంటి చుక్కల మందు. ఈమధ్యే కంటికి ఆపరేషన్ అయింది, పూటకో చుక్క వేసుకోవాలి. రోజూ ఆవిడే వేసేది. అప్ప తనే వేసుకోబోయింది. చుక్క నుదుటి మీద పడింది. రెండోది కనుబొమ్మ మీద. నేను చూస్తున్నాను. ఇవతల మంచం నుంచి అవతల మంచానికి ఒక్క అడుగు.

వెళ్లి సీసా తీసుకున్నాను. అప్ప ఇచ్చింది. చుక్క వెయ్యాలంటే పైకి చూడమని చెప్పాలి. చెప్పమనడానికి మనిషి లేదు. అప్పని 'ఆవిడ' అనాలా, 'మీరు' అనాలా?

"పైకి సూడప్పా" అన్నాను.

అప్ప పైకి చూసింది. నేను సీసా నొక్కాను. చుక్క వెళ్లి సరిగ్గా ముక్కులో పడింది.

"ఒసే!" అప్ప తుమ్ముతూ లేచి కూర్చుంది. "కంట్లో ఎయ్యమంటే ముక్కులో ఏస్తావేటే! సిన్నప్పట్నించీ అంతే నువ్వు, మావిడికాయకి రాయేస్తే పక్కింటోల్ల పెంకు పగిలీది!"

"నువ్వు మెదిలితే నానేటి సేస్తాను?"

"నాను మెదల్లేదు, ఓడ మెదిలినాది!"

"ఓడ ఆగీసి అరగంటయినాది!"

కోపమొస్తే మా ఇద్దరికీ పుట్టిన ఊరి మాట వచ్చేస్తుంది. ఇంక ఆగలేదు. ఆరేళ్లదీ బయటికొచ్చింది.

"బొట్టెట్టి పిలిసినావేటే? తోడబుట్టిందాన్ని, వాట్సాపు సుట్టాన్నా నాను?"

"నాకా వారమంతా జ్వరమప్పా! మంచం దిగలేదు. బారసాల్లో కూడా కుర్సీలో కూకున్నాను."

"జ్వరమని నాకెవులు సెప్పినారు?"

"నువ్వడిగినావేటి?"

"ఎవుల్తోనైనా కబురెట్టలేవేటే?"

"నీకు కబురెట్టడానికి నాకు మద్దిన మనిసి కావాలా?"

అనేసి, ఇద్దరం ఒకేసారి కింద ఖాళీగా ఉన్న సందువైపు చూశాం. అప్ప పెదవి బిగించింది. నేనూ బిగించాను. ముందు ఎవరు నవ్వారో ఇప్పటికీ తేలలేదు. తలుపు దగ్గర చప్పుడయితే తీసి చూశాం. ఆవిడ వరండాలో గోడకి ఆనుకుని, కచేరీకి టిక్కెట్టు దొరికినదానిలా కళ్లు మూసుకుని తలూపుతోంది. ఎప్పట్నించి ఉందో!

"మీరు సెప్పండి, తప్పు దీనిది కాదా?" అని అప్ప అడిగింది.

ఆవిడ నోటి మీద వేలు పెట్టి అడ్డంగా తలూపింది. ఆ వ్యవహారంలో ఇంక ఆవిడ ఒక్క మాట కూడా మొయ్యలేదు.

తిరుగు రైల్లో ముగ్గురికీ పక్కపక్క బెర్తులే వచ్చాయి. దారంతా అప్పా నేనూ మాట్లాడుతూనే ఉన్నాం. ఎవరికి పెళ్లయింది, ఎవరికి షుగరొచ్చింది, ఎవరి కోడలు ఎలాంటిది. ఆవిడ మధ్యాహ్నం నుంచి మాట్లాడొచ్చు గానీ సందు దొరకలేదు. జంతికలు నములుతూ మమ్మల్ని చూస్తూ కూర్చుంది. విజయనగరంలో మేం దిగాం, ఆవిడ చీపురుపల్లిలో దిగాలి. కిటికీ చువ్వల్లోంచి చెయ్యి బయట పెట్టి మా ఇద్దరి చేతులూ కలిపి పట్టుకుని, "ఎల్లొస్తాను అప్పా, ఎల్లొస్తాను సెల్లీ" అంది. రైలు కదిలింది.

చివరి పెట్టె కూడా వెళ్లిపోయాక అప్ప అంది. "మంచి మనిసే. ఏటే ఆవిడి పేరు?"

"నాకేటి తెలుసు? నువ్వడిగినావనుకున్నాను."

"నాను నువ్వడిగినావనుకున్నాను."

మూడు రోజులు ఒకే బీరువాలో పడుకున్నాం. తను మమ్మల్ని అప్పా, సెల్లీ అంది, మేం ఏవండీ అన్నాం, అంతే. ఊరు పేరు కూడా సరిగ్గా అడగలేదు. ప్లాట్‌ఫారం మీద మొదలైన దెబ్బలాట స్టేషను మెట్లు దిగే వరకూ సాగింది. ఆవిడతో ఓడ పైకి వెళ్లాను కాబట్టి నేనడగాలని అప్పా, పెద్దది కాబట్టి తనే అడగాలని నేనూ. జనం తిరిగి చూస్తున్నారు. సంచులు రెండు నా చేతిలో, ఒకటి అప్ప చేతిలో. బయట ఆటో ఆపి డ్రైవరు తల బయటికి పెట్టాడు.

"ఎక్కడికమ్మా?"

గజపతినగరం బస్సులు దొరికే చోటు చెబుదామని నేను నోరు తెరిచాను. అప్ప నన్ను పక్కకి తోసి ముందు తనెక్కి కూర్చుని, మా వీధి పేరు చెప్పింది.